కొండ యిచ్చిన విస్తరి: అరకులోయలో సహపంక్తి భోజన చరిత్ర



బంధుమిత్రులతో గూడి అరకులోయకు విహారమేగుట నేడు ఆంధ్రదేశమున సామాన్యమైన వినోదమైనది. విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, తూర్పుకనుమల నడుమ, సముద్రమట్టమునకు ఇంచుమించు మూడువేల అడుగుల యెత్తున నున్న యా లోయకు ప్రొద్దుటి రైలులో పోయి, బొఱ్ఱా గుహలను జూచి, మధ్యాహ్నమున నేదైన భోజనశాలలో పిల్లలతోను స్నేహితులతోను గూర్చుండి, బొంగులో వండిన కోడికూరను రుచి చూచి, కొండకాఫీ త్రాగి సాయంకాలమునకు మరలుదురు. వండినవా రెవ్వరో, వడ్డించినవా రెవ్వరో, ప్రక్కబల్లకడ భుజించుచున్న కుటుంబ మే కులమునకు జెందినదో యెవ్వరును విచారింపరు. ఇది మన పిల్లలకు గాలి పీల్చుటవలె సహజముగా తోచుచున్నది. కాని మన తాతల కాలమున నిది సహజము కాదు. కంచముపొత్తు, మంచముపొత్తు అను రెండు కట్టుబాట్లమీదనే కులవ్యవస్థ నిలిచియుండెను. అందు మొదటి కట్టు సడలిన విధమును, ఆ సడలింపులో కొండవారికి దక్కిన పాలెంతయో విచారించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

రొక్కమిచ్చి పరుల యింట భుజించుట తెలుగువారికి క్రొత్త గాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామమున, ఓరుగంటి వీథులలో దిరుగు నిరువురు స్నేహితులు పూటకూటి యింటి భోజనమును ముచ్చటించుకొందురు. ఒక్క రూకకు అన్నము, గోధుమపిండివంట, పంచదార, నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్ళు, గడ్డపెరుగు లభించెడివని యందు చెప్పబడినది. అయిదాఱు వందల యేండ్లనాడే పట్టణమున భోజనవిక్రయ మింత సమృద్ధిగా నుండెనన్నమాట. తరువాతి కాలమున విజయనగరపు పూటకూళ్ళమ్మను గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమున చిరస్మరణీయను గావించిరి. ఆ నాటకము మొట్టమొదట 1892లో ప్రదర్శింపబడినది. బ్రతుకుతెరువు లేని వితంతువునకు పూటకూళ్ళ యిల్లే జీవనాధార మగుట యప్పటి లోకరీతి. అయితే యీ యిండ్లలో ధనమున్నంత మాత్రమున ప్రవేశము దొరకెడిది కాదు. కులము గూడ కుదురవలసియుండెను.

ఆ కట్టును త్రెంచజూచినవారును మన చరిత్రలో లేకపోలేదు. పండ్రెండవ శతాబ్దమున పల్నాటి మంత్రియైన బ్రహ్మనాయుడు అన్ని కులముల వీరులను ఒక్క చాపమీద గూర్చుండబెట్టి భుజింపజేసెననియు, దానికే చాపకూడని పేరు వచ్చెననియు పల్నాటి కథ చెప్పుచున్నది. కళింగదేశమున పూరీక్షేత్రమందు మహాప్రసాదమును కులభేదము పాటింపక స్వీకరింతురు. ఆ యాచారమునుండియే "సర్వం జగన్నాథం" అను మాట మన నోట నిలిచినది. కాని చాపకూడు యుద్ధముతో ముగిసినది. జగన్నాథుని ప్రసాదము గుడిప్రాకారము దాటలేదు. వీథిలోనికి వచ్చునప్పటికి ఎవరి పంక్తి వారిదే.

పంక్తిభేద మెంత కఠినముగా నుండెనో యొక్క సంఘటన చాలును. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. ఆ పెండ్లికి పోయినవారికిని, ఆ యింట భుజించినవారికిని వెలి తప్పలేదు. అక్షతలు వేయుటకంటె అన్నము తినుటయే పెద్ద నేరముగా నెంచబడినది. పిమ్మట రైళ్ళు, కచేరీలు, కళాశాలలు వచ్చి జనులు పట్టణములకు జేరుటతో కాఫీహోటళ్ళు వెలసినవి. వాటి గుమ్మములపై "బ్రాహ్మణ భోజన హోటలు" అను పలకలు వ్రేలాడెడివి. లోపల బ్రాహ్మణులకొక గది, ఇతరులకొక గది. అస్పృశ్యులని త్రోసివేయబడినవారికి వీథియే గతి.

బీద బ్రాహ్మణ విద్యార్థి వారములు చేసికొని చదువుకొనెడివాడు. తక్కిన కులముల పల్లెటూరి బాలునకు పట్టణమున నన్నము పెట్టు గుమ్మమే కనబడెడిది కాదు. ఆ కొఱతను దీర్చుటకే యిరువదవ శతాబ్దపు తొలిపాదమున మన సంఘమువంటి కులసంఘములు విద్యార్థి వసతిగృహములను స్థాపించినవి. హైదరాబాదున 1918లో వెలసిన రెడ్డి వసతిగృహము ఇందులకు ప్రసిద్ధమైన యుదాహరణము. కావున కులసంఘముల చరిత్రకు మొదటి పుట వంటయింటిలోనే వ్రాయబడినదన్న నతిశయోక్తి గాదు. ఒకప్పుడు మన పిల్లలు గుమ్మమువెలుపల నిలువబడిరి గనుకనే మనము గుమ్మములు కట్టుకొంటిమి. ఈ సంగతి మఱువరాదు.

దక్షిణదేశపు రైల్వే ఫలాహారశాలలలోని బ్రాహ్మణ, బ్రాహ్మణేతర విభాగములు, ఇ. వె. రామస్వామి నాయకరు ప్రభృతుల యాందోళన ఫలితముగా 1941లో రద్దయినవి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 15వ అధికరణమున అంగళ్ళు, భోజనశాలలు, హోటళ్ళు అందఱికిని తెఱచియుండవలెనని శాసించినది. 17వ అధికరణము అస్పృశ్యతను నిషేధించినది. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చి, భోజనశాలలో ప్రవేశము నిరాకరించుట శిక్షార్హమైనది. అయినను ఆ పిమ్మట చిరకాలము తెలుగు పల్లెల టీకొట్లలో రెండుగ్లాసుల పద్ధతి సాగినది. శాసనము గుమ్మమును తెఱవగలదు. గ్లాసును మార్చవలసినది మనుష్యుడే.

ఇక కొండలవైపు చూతము. మైదానమున నింత పట్టుదలతో కాపాడబడిన పంక్తిలో మన ముందు పఱచిన విస్తరి యెక్కడిది? ఉత్తరాంధ్రమున పెండ్లికిగాని సంతర్పణకుగాని వాడు విస్తళ్ళలో పేరుగన్నది అడ్డాకు. అది కొండ యడవులలో మహావృక్షములను పెనవేసికొని ప్రాకు నొక పెద్దతీగ యాకు. గిరిజన స్త్రీలు అడవి దిరిగి ఆ యాకులను కోసి, ఎండబెట్టి, కట్టలుగట్టి సంతకు దెత్తురు; వాటిని పుల్లలతో కుట్టిన విస్తరి యగును. ఆ విస్తరిలోని పులుసునకు చింతపండు కొండదే. పప్పులోని పసుపు పెక్కుమారులు కొండదే. దేవుని యభిషేకమునకు దెచ్చిన తేనెయు కొండదే. మడిగట్టుకొని వండిన బ్రాహ్మణుడును, అతని గదిలోనికి పోరానివాడును సమానముగా కొండవాని చేతిమీదుగా వచ్చిన యాకులోనే భుజించిరి. ఆకునకు మైల లేదు. ఆకు తెచ్చిన చేతికి మాత్రము పంక్తిలో చోటులేదు. "వడ్డించువాడు మనవాడైన కడపంక్తి యైన నేమి" యని మన సామెత. కొండవానికి వడ్డించువాడును లేడు, కడపంక్తియును లేదు.

అంతేకాదు, ఆ వస్తువులకు సరియైన వెల గూడ దక్కలేదు. సంతకు వచ్చిన షావుకార్లు ఉప్పును, గుడ్డను ఇచ్చి చింతపండును, పసుపును దక్కించుకొనుటయు, అప్పు పేర పొలమును వ్రాయించుకొనుటయు పరిపాటి యయ్యెను. కూటిని, పానమును గూడ ప్రభుత్వము విడిచిపెట్టలేదు. ఇంటివాడుకకు గీచుకొను కల్లుపై విధించిన చిగురుపన్ను, 1879లో గోదావరి మన్యమున చెలరేగిన రంప పితూరీకి ముఖ్యకారణములలో నొకటి. పొలములు పరులపాలు గాకుండుటకు 1917లో నొక చట్టమును, 1959లో భూమి బదలాయింపు నిబంధనలును వచ్చినవి. 1970నాటి సవరణ, అనగా జనులు "వన్ ఆఫ్ సెవెంటీ" యని పిలుచునది, షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరులకు భూమి బదలాయించుటను నిషేధించినది. 1956లో విశాఖపట్టణము కేంద్రముగా నేర్పడిన గిరిజన సహకార సంస్థ చింతపండు, తేనె, అడ్డాకు మొదలగువానిని కొనుచు షావుకారుల పట్టును కొంత సడలించినది.

కొండవారి భోజనపద్ధతి యెట్టిదో తెలిసికొనదగును. బగతలు, కొండదొరలు, కోటియలు, వాల్మీకులు, కోదులు, పోర్జలు, గదబలు మున్నగు తెగలు ఈ కొండలలో నివసించుచున్నారు. చోడి యంబలి, సామన్నము, కందులు, దుంపలు వారి నిత్యాహారము. మామిడికాయగాని క్రొత్తధాన్యముగాని గ్రామదేవతకు నివేదించి కొత్తపండుగ జరిపినగాని తినరు. చైత్రమున వచ్చు ఇటుకల పండుగలో మగవారు వేటకు బోవుదురు. తెచ్చిన మాంసమును ఊరివారెల్లరు పంచుకొందురు. బంతిలో వలపక్షము అక్కడ పెద్దతప్పు. తెగల నడుమ హెచ్చుతగ్గులు లేవనుట సత్యము గాదు. ఒక తెగవారి చేతికూడు మఱియొకరు ముట్టని యాచారములు అక్కడను ఉండినవి. ఐనను ఆకలిగొన్న బాటసారికి అంబలి పోయుట మానలేదు. ఇల్లు వెడలి పదుగురిలో భుజించుట వారికి సంతనాటి వేడుక. సంతయే వారి భోజనశాల. అక్కడనే బంధుదర్శనము, పెండ్లిమాటలు, తగవుల పరిష్కారము.

నేడు ప్రసిద్ధికెక్కిన బొంగుకోడి, కుండ మోసికొని పోలేని యడవిదారిలో పుట్టిన నేర్పు. పచ్చివెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసమును గూర్చి, మూతిని ఆకులతో బిగించి, నిప్పులమీద త్రిప్పుచు కాల్తురు. వెదురులోని చెమ్మయే మాంసమును మాడనీయదు, నూనెతో పనిలేదు. పైబొంగు నల్లగా మాడునప్పటికి లోపలి కూర యుడుకును. దానిని ఆకుమీదికి వంచుదురు. బొంగు ఒక్కమారే పనికివచ్చును. గిన్నె, మూత, వంటచెఱకు, విస్తరి అన్నియు నడవియే యిచ్చిన యీ వంటకు సాటి మన పాకశాస్త్రమున నరుదు.

ఈ వంట మైదానపువారి నోటికి జేరుటకు కారణము రైలు. బైలదిల్లా యినుపఖనిజమును జపానుకు పంపుటకై 1960 దశకమున కొత్తవలస–కిరండూలు మార్గము అనేక సొరంగములతో కొండలగుండ నిర్మింపబడినది. ఖనిజముకొఱకు వేసిన దారిలో యాత్రికులు వచ్చిరి. యాత్రికులవెంట హోటళ్ళు వచ్చినవి. 2017లో అద్దాల పెట్టె చేర్చిన పిదప రద్దీ మఱింత పెరిగినది. కాఫీ కథయు నిట్టిదే. ఆంగ్లేయుల కాలమున, 1898లో, తూర్పుకనుమలలోని పాములేరు లోయలో మొదట నాటిన మొక్క, పిమ్మట అరకు, పాడేరు ప్రాంతముల గిరిజనుల తోటలలో మిరియపుతీగలతో గూడ వ్యాపించినది. 2017లో అరకు పేర పారిసు నగరమున కాఫీయంగడి తెఱవబడినది. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. ఒకప్పుడు కాఫీహోటలు గుమ్మమువద్ద నిలువబడజాలనివాని పంట నేడు పారిసు వీథిలో పేరుపెట్టి యడిగి త్రాగబడుచున్నది. దీనికి సంతసింపని తెలుగువా డుండడు.

అయినను ప్రశ్న యొకటి మిగిలియున్నది. ఆ హోటలు పొయ్యి యెవరిది? భూమి గిరిజనునిది గావలెనని చట్టము. బొఱ్ఱా ప్రాంతపు గనుల కౌళ్ళ వ్యాజ్యమున, 1997లో సుప్రీముకోర్టు సమత తీర్పునందు, షెడ్యూల్డు ప్రాంతమున ప్రభుత్వభూమిని సయితము గిరిజనేతరులకు కౌలు కీయరాదని నిర్ణయించినది. భూమి వాని పేరనుండి, లాభము పరునికి బోయి, వాడు తన నేలమీదనే పాత్రలు తోము కూలివాడైనచో, పూర్వపు సంతలోని ఉప్పుబేరమే మఱియొక రూపమున సాగినట్లగును.

పెద్దలు మన్నింతురేని, మనలను గుఱించియే యొక మాట. కార్తికమాసమున ఉసిరిచెట్టు నీడను వనభోజనము చేయుట మన పూర్వాచారము. ఇటీవల నది కులసంఘముల పండుగగా మాఱినది. ఒక్కొక్క కులము ఒక్కొక్క తోటలో తన పంక్తి తాను తీర్చుకొనుచున్నది. బంధువులు కలిసికొనుటయు, బీదవిద్యార్థులకు వేతనములు ప్రకటించుటయు మంచిదే. కాని హోటలులో నెవరి ప్రక్కనైనను నిస్సంకోచముగా గూర్చుండు మనము, వనమున మాత్రము కులము చూచి విస్తరి వేయుట విపరీతము గాదా? ఆ వనము వారిది, ఆ యాకు వారిది.

కావున మహాజనులకు నా విన్నపములు మూడు. అరకు యాత్రకు బోవు కుటుంబములు గిరిజనులే స్వయముగా నడపు పొయ్యికడ భుజించి, బేరమాడక వెల చెల్లించునుగాక. మనకు థింసా ఆడిచూపినవారిని, బండి తోలినవానిని దూరముగా నిలువబెట్టక మన పంక్తిలోనే గూర్చుండబెట్టుదుముగాక. మన సంఘ వసతిగృహములలో కొండబిడ్డలకు కొన్ని స్థానములు కేటాయింతుముగాక. ఒకనాడు మన బిడ్డలకొఱకు పెద్దలు వెలిగించిన పొయ్యి అది. దానిమీద మఱి నాలుగు గింజలు వేసిన వంటకు లోటురాదు. విస్తరి యిచ్చినవానికి విస్తరి వేయుట దానము గాదు. చిరకాలపు బాకీ తీర్చుట.