సందిగ్ధ స్థితిలో విశిష్టోష్ణం

1950లో సర్దార్ పటేల్ ప్రారంభించిన న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దేశంలో ఉష్ణోగ్రత ప్రమాణాలను పరిరక్షించే సంస్థ. 1991లో దానికి సంచాలకులైన ఇ.ఎస్. రాజగోపాల్ అంతకుముందు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ద్రవమిశ్రమాల సందిగ్ధ స్థితిని దీర్ఘకాలం పరిశోధించారు. సూక్ష్మమైన కొలతకూ ఈ శాస్త్రానికీ గల సంబంధం గాఢమైనది.

ద్రవానికీ వాయువుకూ మధ్యగల భేదం ఒక హద్దు వద్ద అంతరించిపోతుందని 1869లో థామస్ ఆండ్రూస్ వివరించారు. బొగ్గుపులుసు వాయువుకు ఆ హద్దు సుమారు 31 డిగ్రీల సెల్సియస్. అక్కడ స్థిర ఘనపరిమాణం వద్ద విశిష్టోష్ణం పరిమితంగానే ఉంటుందని 1873 నాటి వాండర్ వాల్స్ సిద్ధాంతం చెప్పింది. సుమారు తొంభై ఏళ్ల తరువాత, 1962లో, సోవియట్ శాస్త్రజ్ఞుడు వొరొనెల్, ఆయన సహచరులు ఆర్గాన్‌పై జరిపిన కొలతలు ఆ విశ్వాసాన్ని సడలించాయి. సందిగ్ధ ఉష్ణోగ్రతను సమీపించేకొద్దీ విశిష్టోష్ణం మెల్లగానే అయినా అవధి లేకుండా పెరుగుతుందని అవి సూచించాయి. అణువుల సాంద్రతలోని హెచ్చుతగ్గులు అంతకంతకు విస్తరించడమే దీనికి మూలం. ఇందుకు సమగ్రమైన సిద్ధాంతాన్ని సమకూర్చిన కెన్నెత్ విల్సన్‌కు 1982లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ పెరుగుదల హద్దుకు అతి చేరువలోనే స్పష్టమవుతుంది. అక్కడ ద్రవం సమస్థితికి రావడానికి ఎంతో సమయం పడుతుంది. ఉష్ణోగ్రతను డిగ్రీలో వెయ్యోవంతు వరకైనా నిలకడగా ఉంచాలి. అంతటి నిలకడ సాధ్యమైననాడే ప్రసిద్ధ సిద్ధాంతంలోని లోపం వెల్లడైంది. ప్రమాణాల పరిరక్షణ విజ్ఞానానికి చేసే సేవ ఇదే.