క్షేత్రమునకు నీరు

గ్రామ పెద్దలారా! పొలమును గూర్చి మీకు నేను చెప్పవలసిన పని లేదు. నీరు పారిన మడికిని పారని మడికిని గల భేదము మా హత్నూరలో పసివారును ఎఱుగుదురు. సుశ్రుతుడు గర్భోత్పత్తిని గూర్చి చెప్పుచు ఈ పోలికనే చేపట్టెను. ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అను నాలుగును కూడిననే మొలకవలె గర్భము పుట్టునని యాతని మతము. అంబువనగా తల్లి భుజించిన యన్నమునుండి పుట్టిన రసము.

ఆర్తవమును గొనిపోవు స్రోతస్సులు రెండనియు, వానికి మూలము గర్భాశయమును ఆర్తవవాహినులగు ధమనులును అనియు, వానికి దెబ్బ తగిలిన వంధ్యత్వము కలుగుననియు ఆతడే శారీరస్థానమున వ్రాసెను. ఇవియే నేటి అండాశయ ధమనులని వాదించు పండితులు కలరు. నేనంత సాహసింపను. ప్రాచీన గ్రంథమున సమస్తమును చూడగోరుట మావంటి వారికి పాత జబ్బు.

హాలండు దేశపు వైద్యుడు డి గ్రాఫ్ 1672లో అండాశయమందలి బుడగలను వర్ణించి, అవియే అండములనుకొనెను. బుడగలోని అసలు అండమును బేయర్ 1827లో కుక్కయందు కనుగొనెను. ఉదరమందలి మహాధమనినుండి రెండు సన్నని ధమనులు చెఱియొక అండాశయమునకు దిగును. గర్భాశయ ధమని శాఖలును వచ్చి వానితో కలియును. ఒకే మడికి రెండు కాలువలన్నమాట. అండము వెడలిన చోట ఏర్పడు పసుపువన్నె గ్రంథి తన బరువునకు మించిన రక్తమును త్రాగి, గర్భమును నిలుపు హార్మోనును ఆ రక్తములోనే కలుపును.

కాలువ యున్న చాలునా? నీటిలో సారముండవలదా? లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, మిల్లు పనివారలగు గర్భిణుల పాండురోగమును పరిశీలించి, ఈస్టు సారముతో అది కుదురునని 1931లో ప్రకటించెను. అందలి గుణము ఫోలిక్ ఆమ్లమునదని పిదప తేలెను. ఆ యామ్లమును 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారు చేసిన బృందమునకు నాయకుడు భీమవరమున పుట్టిన మన యెల్లాప్రగడ సుబ్బారావు. శిశువు వెన్నుపాము లోపము లేక యేర్పడుటకై గర్భధారణకు పూర్వమే ఆ మాత్రను పుచ్చుకొనుడని వైద్యులు నేడు చెప్పుచున్నారు.

అండాశయమునకు రక్తమును త్రోయునని కషాయములు అమ్మువారున్నారు. వానివలన సంతానము కలుగునని రుజువు లేదు. పాండురోగమునకు చికిత్స చేయించుట, కడుపునిండ ఆకుకూరయు పప్పును పెట్టుట మేలు.

బీజమనగా పురుషునిది కూడ. నేను బడిపంతులుగా నున్న యొక యూర, ఏడేండ్లకును బిడ్డలు కలుగలేదని ఇల్లాలిని గొడ్రాలని పుట్టింటికి పంపి, మరియొకతెను తెచ్చుకొనిరి. ఆమెకును కలుగలేదు. అప్పుడు గాని మగవానిని పరీక్షకు పంపరైరి. లోపము అతనియందే తేలినది. మొదటి యామెను పిలువ నెవ్వరును పోలేదు.