పాట గరగరలాడింది, తప్పెవరిది?

2010 చివర్లో ఫెడోరా 14 అనే లినక్స్ వేసుకున్న కొందరికి ఒక వింత సమస్య వచ్చింది. 64 బిట్ ఫ్లాష్ ప్లేయర్‌లో పాట పెడితే సౌండ్ గరగరలాడేది. ఫ్లాష్ అదే, స్పీకర్లూ అవే. మారింది కింద ఉన్న జీలిబ్‌సీ అనే షేర్డ్ లైబ్రరీ. (మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో దీని బదులు బయోనిక్ ఉంటుంది లెండి.)

షేర్డ్ లైబ్రరీలో ఒక పట్టిక ఉంటుంది. బయటి ప్రోగ్రాములు ఏ ఫంక్షన్లని పిలవచ్చో వాటి పేర్లు అందులో ఉంటాయి. ఆ పట్టికలో పేరు ఎక్కించడమే ఎక్స్‌పోర్ట్ చేయడం. పేరు సరిగ్గా పడటమే ఒక తలనొప్పి: ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎక్స్‌టర్న్ సీ అని రాయడం మర్చిపోయాను, సీ ప్లస్ ప్లస్ కంపైలర్ నా ఫంక్షన్ పేరుకి తోకలు తగిలించేసింది, అది దొరకక రెండు రోజులు తల పట్టుకున్నాను. కానీ ఫెడోరాలో పేరు సరిగ్గానే ఉంది. దాని వెనకున్న పని మారింది.

ఆ ఫంక్షన్ మెమ్‌కాపీ. ఒక చోటున్న బైట్లని ఇంకో చోటికి కాపీ చేస్తుంది. ఆ రెండు చోట్లూ ఒకదాని మీద ఒకటి పడకూడదని సీ భాష రూల్. పడేలా ఉంటే మెమ్‌మూవ్ వాడాలి. ఫ్లాష్ ఆ రూల్ పాటించలేదు. కాపీ ముందు నుంచి వెనక్కి జరిగినన్నాళ్లూ బండి నడిచిపోయింది. స్పీడ్ కోసం కొన్ని ప్రాసెసర్ల మీద వెనక నుంచి కాపీ చేయడం మొదలుపెట్టేసరికి పాట చెడిపోయింది.

నన్నడిగితే తప్పు ఫ్లాష్‌దే. కానీ దాని సోర్స్ కోడ్ అడోబీ దగ్గరే ఉంది, వాడేవాళ్లు ఏం చేస్తారు? లినస్ టోర్వాల్డ్స్ కూడా ఈ గొడవలోకి దిగారు. రూల్ ఏదైనా సరే, నడుస్తున్నదాన్ని చెడగొట్టకూడదన్నది ఆయన వాదన.

2011లో జీలిబ్‌సీ 2.14 వచ్చింది. 64 బిట్‌లో మెమ్‌కాపీ అనే ఒకే పేరుని రెండు వెర్షన్లతో ఎక్స్‌పోర్ట్ చేశారు. 2.2.5 అనే పాత ముద్ర అడిగే ప్రోగ్రాములకి మెమ్‌మూవ్ లాంటి సేఫ్ కాపీ, కొత్తగా లింక్ చేసినవాటికి 2.14 ముద్రతో కొత్తది. ఇలా పేరుకి వెర్షన్ తగిలించే పద్ధతి అంతకు చాలా ముందే సన్ కంపెనీ సొలారిస్‌లో ఉంది.

దీనికో ఖర్చు ఉంది. కొత్త మెషిన్‌లో బిల్డ్ చేసి సెంటోస్ 6 లాంటి పాత సర్వర్‌లో రన్ చేస్తే 'జీలిబ్‌సీ 2.14 నాట్ ఫౌండ్' అంటుంది. చాలాసార్లు అది అడిగేది ఆ ఒక్క మెమ్‌కాపీనే!