డెలీరియం – నర్సింగ్ సంరక్షణ

ఆసుపత్రిలో చేరిన పెద్దవయసు రోగికి ఒకటి రెండు రోజుల్లోనే ధ్యాస నిలవక, మాట పొంతన తప్పే స్థితి డెలీరియం. పాతకాలం వారు ‘సంధి’ అనేవారు. నెలల తరబడి ముదిరే డిమెన్షియాకూ దీనికీ తేడాను ముందు పట్టుకోగలిగేది నర్సే. లక్షణాలు పూటపూటకూ మారతాయి, డాక్టరు రౌండ్స్‌కు వచ్చినప్పుడు కనిపించకపోవచ్చు. డెలీరియాన్ని గుర్తించేందుకు 1990లో వచ్చిన క్యామ్ పరీక్ష కూడా హఠాత్తు మార్పునూ, ధ్యాస లోపాన్నీ ముందు చూస్తుంది. కేకలు వేసే రోగి అందరి కంటా పడతాడు; దుప్పటి కప్పుకొని మగతగా పడి ఉన్నవాడే దాటిపోతాడు. కలవరపడే రోగి సెలైన్ పీకేస్తాడు కనుక చేతులు కట్టక తప్పదంటారు. ఆ భయం నిజమే. కానీ కట్టేస్తే కలవరం పెరుగుతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు వంటి అసలు కారణం అలాగే ఉండిపోతుంది. కారణం వెతుకుతూనే కళ్లజోడు, వినికిడి యంత్రం తిరిగి పెట్టాలి, రాత్రి దీపాలు తగ్గించాలి, ఇంటివాళ్లలో ఒకరిని పక్కన కూర్చోబెట్టాలి.