ఈసినోఫిలియా: కారణం తేలిన వైనం

రక్తంలో ఈసినోఫిల్ అనే తెల్లకణాలు మైక్రోలీటరుకు 500 దాటితే ఈసినోఫిలియా అంటారు. ఉయ్యూరు, గుడివాడ, బందరు ప్రాంతాల్లో చాలామంది దీన్నే ఒక జబ్బుగా చెప్పుకుంటారు. కానీ ఆ అంకె పెరగడానికి ఆస్తమా, ఎలర్జీ, కడుపులో పురుగులు, వాడుతున్న మందులు, అరుదుగా రక్త క్యాన్సర్ కారణం కావచ్చు. బోదకాలు తరతరాలుగా ఉన్న ఈ డెల్టాలో దానికి కారణమైన ఫైలేరియానూ అనుమానించాలి.

ఈ కణాన్ని పాల్ ఎర్లిక్ 1879లో ఇయోసిన్ రంగుతో గుర్తించారు. తెలుగునాట కథ మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానిటోరియంలో మొదలైంది. క్షయలాగే కనిపిస్తూ క్షయ కాని ఒక ఊపిరితిత్తుల జబ్బును, దానితోపాటు విపరీతంగా పెరిగే ఈసినోఫిల్స్‌ను వైద్యులు ఫ్రిమాట్ మోలర్, బార్టన్ 1940లో వర్ణించారు. వెయిన్‌గార్టెన్ అనే వైద్యుడు 1943లో దానికి ట్రాపికల్ ఈసినోఫిలియా అని పేరుపెట్టి, ఆర్సెనిక్ ఇంజెక్షన్లతో తగ్గుతోందని రాశారు. జబ్బు తగ్గుతోంది కానీ ఎందుకొచ్చిందో తెలియదు!

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగాన్ని నడిపిన లెడర్లీ సంస్థ నుంచి 1947లో ఫైలేరియా మందు డైఇథైల్‌కార్బమజైన్, అంటే హెట్రజాన్, వెలువడింది. 1950లలో అదే మందు ట్రాపికల్ ఈసినోఫిలియాకూ పనిచేయడంతో అనుమానం ఫైలేరియా మీద బలపడింది. చిక్కల్లా రుజువుతోనే. ఫైలేరియా పిల్ల పురుగులు క్యూలెక్స్ దోమ కుట్టే రాత్రివేళే రక్తంలోకి వస్తాయి కనుక పరీక్షకు రక్తపు చుక్క రాత్రి 10 దాటాకే తీస్తారు. ఈ రోగులకు అప్పుడు తీసినా ఏమీ కనబడేది కాదు. 1960లో వెల్లూరు వైద్యులు వెబ్, జాబ్, గాల్ట్ వాటిని ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, లింఫు గ్రంథుల్లో చూపించారు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ అతిగా స్పందించి, వాటిని అక్కడే చంపేస్తోందన్నమాట.

రాత్రిళ్లు దగ్గు, ఆయాసం, 3000 దాటిన ఈసినోఫిల్స్, బాగా పెరిగిన ఐజీఈ, ఫైలేరియా యాంటీబాడీలు ఉండి, మూడు వారాల హెట్రజాన్‌కు గుణం కనిపిస్తే రోగనిర్ధారణ అయినట్టే. రిపోర్టులో ఈసినోఫిల్స్ 10 శాతం అని చూడగానే ఆ మాత్రలు రాసేయడం మాత్రం తొందరపాటు. మొత్తం తెల్లకణాలు 4000 అయితే అందులో 10 శాతం 400, అంటే మామూలే.

ఈసినోఫిల్స్‌ను పెంచే కడుపు పురుగుల్లో ఒకదాన్ని మాత్రం మరవకూడదు. తడినేలలో చెప్పుల్లేకుండా తిరిగేవారి చర్మంలోంచి దూరే స్ట్రాంగైలాయిడిస్ పురుగు దశాబ్దాలపాటు ఒంట్లో ఉండిపోగలదు. స్టెరాయిడ్లు వాడితే అది ఒళ్లంతా పాకి ప్రాణం తీయవచ్చు. అందుకే అవి మొదలుపెట్టే ముందు దాన్నీ వెతకాలి.