మూసారాంబాగులోని దొర

హైదరాబాదున మూసారాంబాగను పేట కలదు. పేరు విన్నవారు మూసీనదినో, రామాలయమునో తలంతురు. అందు దాగియున్నవాడు రేమండను ఫ్రెంచి సేనాని. ఫ్రెంచివారిని మన పూర్వులు పరాసులనిరి. ఈ పరాసు నిజామలీఖాను కొలువున సేనలు నడిపి 1798లో మరణించెను. హిందువులతనిని మూసా రాముడనియు, మహమ్మదీయులు మూసా రహీమనియు పిలిచిరని ప్రతీతి. మూసా యనునది అతని పేరు కాదు. ‘ముస్యో’ యను ఫ్రెంచి గౌరవవాచకము. వ్రాతలో నకార రేఫములున్నను పలుకుబడిలో వినబడవు. మనవారు చెవిని నమ్మిరి.

లాటినున ‘సీనియర్’ అనగా వయసున పెద్దవాడు. ఆ పెద్దరికము క్రమముగా వయసును విడిచి భూమిని పట్టుకొనెను. గ్రామములేలువాడు పెద్దయయ్యెను. ఆ మాటయే ఫ్రెంచిలో కురుచయై, ముందు ‘నా’ యను అర్థముగల పదము చేరి, ‘నా ప్రభువు’ అను అర్థమున ముస్యో యయ్యెను. మన కచేరీలలోని ‘సారు’ కూడ ఈ వంశమువాడే! ఒకప్పుడు ఫ్రెంచి కొలువున ముస్యో యని యూరకన్నచో రాజుగారి పెద్దతమ్ముడని యర్థము. 1792 నుండి విప్లవకారులీ మాటను తోసి, అందరిని ‘పౌరుడా’ యని పిలువవలెననిరి. కొన్నియేండ్లకు ముస్యో మరల వచ్చినాడు గాని ప్రభుత్వము పోగొట్టుకొని వచ్చినాడు. నేడు రొట్టె నమ్మువాడును కొనువాడును పరస్పరము ముస్యోలే.

1751లో బుస్సీ సేన కర్నూలు కోటను పట్టుకొనెను. అచట తుంగభద్ర దాటిన నేటి గద్వాల జిల్లా. ఆ గద్వాలలోను, వనపర్తి, నాగరుకర్నూలు సీమలలోను రాజ్యమేలిన మాట ‘దొర’. అదియు ప్రభువనియే యర్థము. కాని అందరికిని పంచబడలేదు. 1949లో జాగీర్లు, సంస్థానములు రద్దయ్యెను. పిలుపును రద్దుచేయు చట్టము లేదు గదా!

మనకు ముస్యో వంటి మాట లేకపోలేదు. ‘అయ్య’ యనగా తండ్రి, పెద్ద. నిరుపేద తల్లియు బిడ్డకు ఎల్లయ్యయని పేరిడి ఆ గౌరవమును ఉయ్యాలలోనే యిచ్చినది. దొర గడపకడ చెప్పులు చేతబట్టి నిలిచినపుడు అతడు ఎల్లిగాడు. తల్లి యిచ్చిన రెండక్షరములను ఊరు తీసివేసినది. ఓటర్ల పట్టికలో మాత్రము అతడు ఎల్లయ్యయే. ఆ పట్టికను చదువు గుమాస్తా, ఊరివాడైనచో, ఏమని చదువునో వినవలెను.