మన్యం భాషలు, డెల్టా తెలుగు

తూర్పు కనుమల్లోని అరకు, పాడేరు, సీతంపేట ప్రాంతాలను మన్యమనీ, ఏజెన్సీ అనీ వ్యవహరించడం పరిపాటి. 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను సాధారణ పాలననుంచి వేరుచేసి, కలెక్టరుకు ప్రభుత్వ ఏజెంటు హోదా ఇవ్వడంవల్ల ఈ రెండో పేరు స్థిరపడింది. ఈ కొండల్లో మూడు భాషాకుటుంబాలు పక్కపక్కనే ఉన్నాయి. సవర ముండా భాష కాగా, కువి, కూబి ద్రావిడ భాషలు. భిన్న తెగలవారు సంతల్లో ఒకరితో ఒకరు మాట్లాడుకొనే ఆదివాసీ ఒడియా ఇండో ఆర్య కుటుంబానికి చెందుతుంది.

తెగ పేరునుబట్టి భాషను నిర్ణయించడం ఇక్కడ సాధ్యం కాదు. గదబలని ఒకే పేరుతో పిలిచేవారిలో కొందరిది గుతోబ్ అనే ముండా భాష అయితే, మరికొందరిది ద్రావిడ భాష. కొండదొరల్లో అనేకులు తెలుగుకు మారిపోగా, మిగిలినవారు మాట్లాడే కూబి మీద భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో సమగ్ర వర్ణనాత్మక గ్రంథం వెలువరించారు. తెలుగువారు ఉచ్చారణలో ఏనాడో ర-కారంలో కలిపేసుకున్న శకటరేఫ, అంటే బండి ‘ఱ’, కూబిలో నేటికీ వేరు ధ్వనిగానే వినిపిస్తుంది. ఇంతటి ప్రాచీన లక్షణాన్ని కాపాడిన భాషను మోటుమాటగా చూడడం చరిత్ర తెలియనితనమే.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి (1863–1940) సవరలవద్దనే వారి భాష నేర్చుకొని, 1931లో దాని వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును ప్రకటించారు. వాడుక తెలుగుకోసం ఆయన జరిపిన పోరాటం బెజవాడ, గుణదల, ఏలూరు, బందరు పరిసరాల శిష్టుల మాట రచనకు ప్రమాణం కావడానికి దారితీసింది. 1948లో విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఆ మాటకు మరింత వ్యాప్తి కల్పించింది. ఆ ఉద్యమానికే పరిమితమై గిడుగును స్మరించుకుంటున్న పాఠకలోకం ఆయన సవర కృషిని దాదాపు విస్మరించింది, ఇది ఆయనకూ సవరలకూ జరిగిన అన్యాయం. ఆయన వ్యాకరణానికీ నిఘంటువుకూ మధ్యకాలంలో, 1936లో ఏర్పడిన ఒడిశా రాష్ట్రపు సరిహద్దు సవర, కువి మాట్లాడేవారిని రెండు రాష్ట్రాలకు పంచగా, అదే సంవత్సరంలో ఒడిశా వైపు మంగేయి గొమాంగో సవరకు సొరాంగ్ సొంపెంగ్ లిపిని రూపొందించారు. ఆంధ్ర వైపు పిల్లలకు తర్వాతికాలంలో తయారైన సవర వాచకాలు మాత్రం తెలుగు లిపిలోనే వచ్చాయి.